అమ్మానాన్నలతో ఉదయ్‌పూర్: నాలుగు రోజులు చాలా, ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: దసరా సెలవుల్లో హైదరాబాద్ నుంచి ఐదుగురు బయల్దేరుతున్నారు. మీ దంపతులు, ఎనిమిదేళ్ళ పాప, డెబ్భై దాటిన అమ్మానాన్న. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. చేతిలో ఉన్నవి నాలుగు రోజులు. జోధ్‌పూర్, జైపూర్ కూడా కలపవచ్చా, సరస్సు మధ్యలో ఉన్న ప్యాలెస్ హోటల్లో ఒక రాత్రి ఉంటే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుందా, కుంభల్‌గఢ్ కోట తప్పనిసరా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. నాలుగు రోజులూ ఉదయ్‌పూర్‌కే ఉంచుకోండి. జోధ్‌పూర్ 250 కిలోమీటర్లు, జైపూర్ దాదాపు 400. పెద్దవాళ్ళతో అంత తిరిగితే కారు కిటికీ తప్ప ఇంకేం గుర్తుండదు. నీళ్ళ మధ్య హోటల్ వద్దు. నాన్నగారు వస్తున్నారు కాబట్టి కుంభల్‌గఢ్ కూడా వద్దు, ఆ రోజు రాజ్‌సమంద్ సరస్సుకు వెళ్ళండి. ఎందుకో కింద రాస్తాను.

నా సంగతి ఒక ముక్క. విశాఖలో జింక్ కర్మాగారంలో పనిచేస్తూ బదిలీ మీద ఉదయ్‌పూర్ వెళ్ళినవాణ్ణి. కంపెనీ ప్రధాన కార్యాలయం అక్కడే. సర్వీసులో పెద్ద భాగం ఆ ఊళ్ళోనే గడిచింది. సెలవులు రాగానే మా వైపు చుట్టాలూ మా ఆవిడ వైపు చుట్టాలూ దిగేవారు, వాళ్ళకు గైడును నేనే. ఎవరికి ఏం నచ్చిందో, ఎవరు ఏ మెట్టు దగ్గర చతికిలపడ్డారో బాగా గుర్తు.

ముందు చెరువు, తర్వాతే కోట

చాలామంది ఉదయ్‌పూర్‌ను రాజభవనాల ఊరనుకుని వస్తారు. నీళ్ళు దాని పక్కన అలంకారమనుకుంటారు. అసలు క్రమం తిరగబడి ఉంటుంది. పిఛోలా సరస్సు 14వ శతాబ్దం నాటిది. ఎడ్ల మీద ధాన్యం మోసుకుంటూ తిరిగే ఒక బంజారా వేయించిన కట్టతో మొదలైందని అక్కడివాళ్ళు చెప్తారు. మన తండాల్లోని లంబాడీల పూర్వీకులు చేసిన పనీ అదే, ఎడ్ల బారులతో ఊరూరా ధాన్యం, ఉప్పు చేరవేయడం. ఆ చెరువు గట్టున మహారాణా రెండో ఉదయ్ సింగ్ 1559లో ఊరు మొదలుపెట్టాడు. 1568లో పాత రాజధాని చిత్తోడ్ అక్బర్ చేతికి పోయాక రాజధాని పూర్తిగా ఇక్కడికి మారింది.

తర్వాత వచ్చిన రాణాలు ఒక మహల్‌తో పాటు ఒక చెరువూ కట్టుకుంటూ పోయారు. పిఛోలా, రంగ్ సాగర్, స్వరూప్ సాగర్, ఫతేసాగర్ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. మిగులు నీరు ఆహడ్ నదిలో పడి ఉదయ్ సాగర్ చేరుతుంది. అక్కణ్ణుంచి బేడచ్, బనాస్ నదుల మీదుగా చంబల్‌లో కలుస్తుంది. పాఖాల, రామప్ప చెరువులు చూసినవాళ్ళకు, గొలుసుకట్టు అంటే తెలిసినవాళ్ళకు, ఇది వేరే చెప్పక్కర్లేదు. వానాకాలం చివర్లో ఫతేసాగర్ నిండి గేట్లు ఎత్తారంటే ఊరంతా పిల్లాపాపలతో అక్కడే ఉంటుంది.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, మీ ప్రయాణం అందం వాన మీద ఆధారపడి ఉంటుంది. ఇవన్నీ వాన నీటి చెరువులే. 2000 తర్వాత కొన్నేళ్ళు కరువొచ్చి పిఛోలా అడుగు బయటపడింది. పడవలు తిరిగే చోట పిల్లలు క్రికెట్ ఆడారు. దసరా మంచి అదను. వానలు తగ్గిపోతాయి, చెరువులు నిండుగా ఉంటాయి, ఆరావళి కొండలింకా పచ్చగానే ఉంటాయి. ఏప్రిల్, మేలో వెళ్ళినవాళ్ళకు ఆ కొండలే మట్టిదిబ్బల్లా కనిపిస్తాయి. దీపావళి దాటిన వారం మాత్రం వద్దే వద్దు. గుజరాత్‌లో అందరికీ అప్పుడే సెలవులు, వాళ్ళకు ఉదయ్‌పూర్ పక్క ఊరి లెక్క. హోటళ్ళు దొరకవు, దొరికినా రేట్లు వినలేం, పాత ఊళ్ళో కారు అంగుళం కదలదు.

ఎక్కడ ఉండాలి

ఫొటోల్లో కనిపించే గట్టు పక్క హవేలీ హోటళ్ళు లాల్ ఘాట్, గణగౌర్ ఘాట్ చుట్టుపక్కల ఉంటాయి. కుర్ర జంటలకు బాగుంటాయి. కానీ ఆ సందుల్లోకి కారు రాదు, సామాను మోసుకుని నడవాలి. చాలా పాత ఇళ్ళలో లిఫ్ట్ ఉండదు, గదులు మూడో అంతస్తులో, మెట్లు నిలువుగా. మీరు ఫతేసాగర్ వైపు, ఫతేపురా, రాణీ రోడ్ ప్రాంతంలో చూసుకోండి. కారు గేటు దాకా వస్తుంది. పొద్దున్నే అమ్మానాన్న చెరువుగట్టు మీద నెమ్మదిగా నడవచ్చు. ఆ గట్టును ‘పాల్’ అంటారు. సాయంత్రం అక్కడ మట్టి కప్పుల్లో కాఫీ, కాల్చిన మొక్కజొన్న పొత్తులు దొరుకుతాయి. ఊరివాళ్ళు షికారుకొచ్చే చోటు ఇదే.

గట్టు మీద నుంచి చూస్తే నీళ్ళ మధ్య ఒక తెల్లటి కట్టడం కనిపిస్తుంది. దాన్ని చాలామంది ఇంకో మహల్ అనుకుంటారు. అది సౌర వేధశాల. చుట్టూ నీరుంటే నేల వేడెక్కి గాలి అల్లల్లాడటం తగ్గుతుంది, సూర్యబింబం స్థిరంగా కనిపిస్తుంది. అందుకే చెరువు మధ్య ద్వీపంలో కట్టారు. పాపకు చెప్పండి, పిల్లలకు ఇలాంటివి గుర్తుంటాయి.

నీళ్ళ మధ్య హోటల్ ఎందుకు వద్దన్నానంటే

పిఛోలా మధ్య తెల్లగా తేలుతున్నట్టుండేది జగ్ నివాస్. మహారాణా రెండో జగత్ సింగ్ 1746 నాటికి కట్టించాడు. 1960ల్లో హోటల్‌గా మార్చారు. ఒక రాత్రికి అడిగే డబ్బుతో మీ ఐదుగురి ప్రయాణం ఖర్చు మొత్తం తీరిపోవచ్చు. పైగా లోపలున్నవాళ్ళకు ఆ భవనం కనిపించదు కదా. దాని అందమంతా గట్టు మీద నిలబడి చూసేవాళ్ళకే దక్కుతుంది, అదీ ఉచితంగా. పెళ్ళిరోజు, షష్టిపూర్తి లాంటి ముచ్చట ఉండి, డబ్బు లెక్క లేకపోతే అది వేరే సంగతి.

ద్వీపం మీద కాలు పెట్టాలన్న కోరిక ఉంటే దాని పక్కదైన జగ్ మందిర్‌కు వెళ్ళండి. సిటీ ప్యాలెస్ ఆవరణలోని రామేశ్వర్ ఘాట్ నుంచి పడవలు వెళ్తాయి. దిగగానే రాతి ఏనుగుల బారు ఎదురొస్తుంది. లోపల గుల్ మహల్ అని గుమ్మటం ఉన్న చిన్న కట్టడం ఉంటుంది. తండ్రి జహంగీర్ మీద తిరగబడ్డ ఖుర్రం, అంటే తర్వాతి షాజహాన్, 1620ల్లో ఇక్కడే తలదాచుకున్నాడు. తాజ్‌మహల్ ఆలోచన ఇక్కడే పుట్టిందని గైడ్లు ఒట్టేసి చెప్తారు. అంత దూరం నేను వెళ్ళను గానీ, ఆ రాతి పొదుగుడు పని మాత్రం దగ్గరగా చూడదగ్గదే. 1857 తిరుగుబాటులో నీమచ్ నుంచి పారిపోయి వచ్చిన ఇంగ్లీషు కుటుంబాలనూ మహారాణా స్వరూప్ సింగ్ ఇదే ద్వీపంలో దాచాడు.

రామేశ్వర్ ఘాట్ పడవ ఖరీదు, సాయంత్రం ఇంకా ఎక్కువ. దూధ్ తలాయి వైపు నుంచి చవక పడవలున్నాయి కానీ అవి చుట్టు తిప్పి తెచ్చేస్తాయి, జగ్ మందిర్‌లో దింపవు. ఫతేసాగర్‌లోని స్పీడ్ బోట్లు పెద్దవాళ్ళకు వద్దు, నడుములు పట్టేస్తాయి.

సిటీ ప్యాలెస్: నాన్నగారితో ఎలా

ఇది ఒక్క భవనం కాదు. దాదాపు నాలుగు వందల ఏళ్ళ పాటు ఒక్కో రాణా తన వంతు కలుపుతూ పోయిన మహళ్ళ వరస. బడీ పోల్ అనే పెద్ద ద్వారం దాటాక, త్రిపోలియా అనే మూడు వాకిళ్ళ ద్వారం ముందు పాలరాతి తోరణాలుంటాయి, రాణాలు వెండి బంగారాలతో తులాభారం తూగింది అక్కడే. ఆ తర్వాతది మాణిక్ చౌక్, పెద్ద ముంగిలి. నాన్నగారి యాత్ర అక్కడికి చాలు అనుకుని బయల్దేరండి. కూర్చోవడానికి చోటుంది, కాఫీ దొరుకుతుంది, ఎదురుగా భవనం మొత్తం కనిపిస్తుంది.

లోపలి మ్యూజియం దారి అంతా ఒకవైపు నడక. ఒకసారి ఎక్కాక వెనక్కి తిరగడం కష్టం, వెనక జనం తోసుకొస్తుంటారు. మెట్లు ఇరుకు, గుమ్మాలు పొట్టి, మలుపులు ఎక్కువ. శత్రువు ఒక్కొక్కడుగానే తల వంచుకుని రావాలని అలా కట్టారంటారు. శత్రువుల సంగతేమో గానీ మోకాళ్ళ నొప్పివాళ్ళను బాగానే ఆపుతాయి. మీరూ పాపా అమ్మగారూ లోపలికి వెళ్ళి రండి. రెండు చోట్ల మాత్రం తొందరపడకండి. ఒకటి బడీ మహల్. మెట్లెక్కి ఎక్కి పైకి చేరితే అక్కడ చెట్లతో పూర్తి తోట ఉంటుంది. మేడ మీద ఇంత పెద్ద చెట్లెలా బతికాయని అందరూ అడుగుతారు. అది మేడ కాదు, కొండ శిఖరమే. కొండను చదును చేయకుండా చుట్టూ మహల్ కట్టుకుంటూ పైకి వెళ్ళారు. రెండోది మోర్ చౌక్. గోడలోంచి పొడుచుకొచ్చిన మూడు నెమళ్ళు, ఎండ, వాన, చలి కాలాలకు ఒక్కొక్కటి. మెడ దగ్గర గాజు ముక్కలు చిటికెన వేలి గోరంత ఉంటాయి. నీలం, ఆకుపచ్చ ముక్కలను కొద్దిగా వంపుగా అతికించారు కాబట్టి మీరు అడుగు పక్కకు వేస్తే మెరుపు కూడా పక్కకు జరుగుతుంది. పాపను ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించండి.

ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి. ప్యాలెస్ చెరువుకు తూర్పు గట్టున ఉంది, దాని ముఖం పడమరకు. కాబట్టి పొద్దున్నే లోపల చూసేయండి. సాయంత్రం ఎదురు గట్టుకు, అంబ్రాయి ఘాట్‌కు వెళ్ళండి. దిగే పొద్దు నేరుగా ప్యాలెస్ గోడ మీద పడి రాయంతా పసుపు రంగుకు తిరుగుతుంది. చాలామంది దీన్ని తలకిందులు చేసి, సాయంత్రం ప్యాలెస్ లోపల మెట్ల మీద ఉక్కిరిబిక్కిరి అవుతుంటారు.

రాజ్‌సమంద్ రోజు

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మనవాళ్ళు దీన్ని దాటుకుని కుంభల్‌గఢ్ వెళ్ళిపోతారు. కుంభల్‌గఢ్ గొప్పదే. రాణా కుంభా కోట, 36 కిలోమీటర్ల ప్రాకారం, మహారాణా ప్రతాప్ పుట్టిన చోటు. కానీ గేటు దగ్గర నుంచి పైన బాదల్ మహల్ దాకా నిట్టనిలువు ఎక్కుడు. మోకాళ్ళు బాగుంటేనే.

ఉత్తరంగా వెళ్ళే హైవే మీద ముందు ఏక్‌లింగ్‌జీ వస్తుంది, ఊరికి 22 కిలోమీటర్లు. మేవాడ్‌కు, అంటే ఈ రాణాల రాజ్యానికి, అసలు రాజు ఈ శివుడే, మహారాణా ఆయన దివాన్ మాత్రమే అని వాళ్ళ లెక్క. గుడి తలుపులు కొన్ని వేళల్లోనే తీస్తారు, ముందు రోజే హోటల్లో అడిగి పెట్టుకోండి. ఆ తర్వాత నాథ్‌ద్వారా, శ్రీనాథ్‌జీ అనే కృష్ణుడి గుడి. ఔరంగజేబు కాలంలో వ్రజభూమి, అంటే మథుర ప్రాంతం, నుంచి తరలించిన మూర్తి, 1672లో ఇక్కడ ప్రతిష్ఠించారు. ఈ గుడి అనుసరించే పుష్టిమార్గం అనే కృష్ణభక్తి సంప్రదాయానికి మూలపురుషుడు వల్లభాచార్యులు మన వెలనాటి తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవారు. అమ్మగారికి ఈ సంగతి దారిలోనే చెప్పండి, గుడిలో కాలు పెట్టేసరికి అది సొంత గుడి అయిపోతుంది. కాకపోతే రోజుకు ఎనిమిది దర్శనాలు, తెర తీసిన కాసేపే చూడాలి, తోపులాట తిరుపతిని తలపిస్తుంది. నాన్నగారికి ఇబ్బంది అనిపిస్తే నాథ్‌ద్వారా దాటేసి కాంక్రోలీ వెళ్ళిపోండి. అక్కడి ద్వారకాధీశ్ గుడి కూడా అదే సంప్రదాయం, సరస్సు ఒడ్డునే, జనం తక్కువ.

ఆ సరస్సే రాజ్‌సమంద్. 1660ల్లో మేవాడ్‌లో కరువొచ్చింది. మహారాణా రాజ్ సింగ్ గోమతి నది మీద ఈ కట్ట పని 1662లో మొదలుపెట్టించాడు, ప్రతిష్ఠ 1676లో జరిగింది. మన భాషలో చెప్పాలంటే కరువు పని. కానీ కరువు పనికి కట్టిన గట్టులా ఉండదు. నౌచౌకీ అనే భాగంలో తెల్ల పాలరాతి మెట్లు వరసలు వరసలుగా నీళ్ళలోకి దిగిపోతాయి. మధ్యమధ్య మండపాలు, వాటి స్తంభాల మీదా కప్పు మీదా నర్తకులు, ఏనుగులు, పక్షులు. పాలరాయి ఎక్కణ్ణుంచో తేలేదు, పక్కనే గనులున్నాయి. మీ హైదరాబాద్ అపార్ట్‌మెంట్ గచ్చు రాయి కూడా ఈ జిల్లాదే అయినా ఆశ్చర్యం లేదు.

అసలు చూడాల్సింది గట్టు గోడ గూళ్ళలో ఉంది. నల్లరాతి పలకలు, మొత్తం 25. వాటి మీద ‘రాజ ప్రశస్తి’ అనే సంస్కృత కావ్యం, 24 సర్గలు, పూర్తిగా చెక్కేశారు. మన దేశంలో అతి పెద్ద శిలాశాసనాల్లో ఒకటిగా దీనికి పేరు. మేవాడ్ వంశచరిత్ర, ఈ కట్ట ఎలా లేచిందో, ఎవరికి ఏ దానాలిచ్చారో అందులో ఉంటాయి. రాసిన కవి రణఛోడ్ భట్టు. ఆయన తైలంగ బ్రాహ్మణుడు, అంటే మూలాలు మన గడ్డవే. అక్షరాలు నాగరి లిపిలో, వరసలు ఇరుకుగా, కొన్ని పలకల మీద జనం తాకి తాకి అంచులు నునుపు తేలిపోయాయి. మా మామగారు సంస్కృతం పంతులుగారు. ఆయన్ను అక్కడికి తీసుకెళ్తే వంగి వేలితో చూపిస్తూ చదవడం మొదలుపెట్టి, భోజనం వేళ దాటినా కదల్లేదు. మా ఆవిడ గొడుగు పట్టుకుని పక్కనే నిలబడాల్సి వచ్చింది. మీ ఇంట్లో నాగరి లిపి కూడబలుక్కుని చదవగలిగేవాళ్ళు ఒక్కరున్నా ఆ గట్టు మీద పూట గడిచిపోతుంది. మండపాల్లో నీడ ఉంటుంది, నాన్నగారు హాయిగా కూర్చోవచ్చు. మెట్లు దిగనక్కర్లేదు.

మిగతావి, గబగబా

జైసమంద్: ఊరికి ఆగ్నేయంగా 50 కిలోమీటర్ల పైచిలుకు. మహారాణా జై సింగ్ 1691 నాటికి పూర్తిచేశాడు. 1902లో ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట లేచేదాకా ప్రపంచంలో అతి పెద్ద మానవ నిర్మిత జలాశయమని దీనికి పేరుండేది. పాలరాతి కట్ట మీద తొండమెత్తిన ఏనుగులు, చుట్టూ కొండలు, మధ్యలో భీల్ మీణా గిరిజనులు నివాసముండే దీవులు. ప్రకృతి కోసమైతే నా ఓటు దీనికే. మొసళ్ళున్నాయి, నీళ్ళలో కాళ్ళు పెట్టనివ్వకండి. మూడో రోజు సగం దీనికి ఇవ్వండి.

సజ్జన్‌గఢ్: కొండ మీద, మబ్బుల రాక చూడటానికి మహారాణా సజ్జన్ సింగ్ మొదలుపెట్టిన మహల్. 1884లో ఆయన చిన్న వయసులోనే పోవడంతో అనుకున్నంత ఎత్తు లేవలేదు. భవనం లోపల పెద్దగా ఏమీ లేదు, చెరువులన్నీ ఒక్కచోట నుంచి కనిపించడమే దాని విలువ. రోడ్డు పై దాకా ఉంది.

బాహుబలి హిల్స్: పేరు వినగానే మనవాళ్ళందరూ అడుగుతారు. బడీ చెరువు పైన ఉన్న కొండ అది. దృశ్యం బాగుంటుంది కానీ రాళ్ళ దారి ఎక్కాలి. పెద్దవాళ్ళను కింద చెరువుగట్టు దగ్గర ఉంచి మీరు వెళ్ళి రండి.

సహేలియోం కీ బాడీ: ఫౌంటెన్ల తోట, అరగంట చాలు, మెట్ల బాధ లేదు. పాపకు బట్టలు ఒక జత ఎక్కువ పట్టుకెళ్ళండి.

బాగోర్ కీ హవేలీలో రోజూ సాయంత్రం జానపద నృత్యాలుంటాయి. బొమ్మలాట పాపకు, తల మీద కుండలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని ఆడే భవాయి అందరికీ. ఎక్కువమంది నేల మీదే కూర్చోవాలి, కాబట్టి ముందుగా వెళ్ళి నాన్నగారికి కుర్చీ అడగండి.

భోజనం విషయంలో బెంగ వద్దు, శాకాహారం ఎక్కడైనా దొరుకుతుంది. దాల్ బాటీ చూర్మా ఒక పూట తినాల్సిందే, కానీ రాత్రి పూట వద్దు. బాటీ అంటే కాల్చిన గోధుమపిండి ఉండ, నెయ్యిలో ముంచినవి రెండు తింటే తెల్లారేదాకా అరగదు. మేవాడ్ మొక్కజొన్న పండే నేల, దొరికితే మక్కీ రొట్టె అడగండి, తెలంగాణలో మక్క రొట్టె తిన్నవాళ్ళకు కొత్తగా అనిపించదు. అన్నం అడిగితే పెడతారు, పప్పు మాత్రం మన పప్పు కాదు. ఆవకాయ సీసా వెంట ఉంచుకోండి.

ఆటో, టాక్సీవాళ్ళు “ఐదు నిమిషాలు చూసి వచ్చేయండి” అని చిత్రపటాల దుకాణాలకు, చీరల దుకాణాలకు తిప్పుతారు. వాళ్ళ కమిషన్ మీ బిల్లులోనే ఉంటుంది. రోజుకు కారు మాట్లాడుకునేటప్పుడే “దుకాణాలు వద్దు” అని ఒక మాట అనేయండి, చాలావరకు వింటారు.

చివరగా, ఎలా వెళ్ళాలి అన్నది. విమానాశ్రయం దబోక్‌లో, ఊరికి పాతిక కిలోమీటర్ల లోపే. మీ తేదీలకు హైదరాబాద్ నుంచి నేరుగా విమానం దొరికితే అదే పట్టుకోండి. లేకపోతే అహ్మదాబాద్ దాకా వెళ్ళి అక్కణ్ణుంచి కారులో రావచ్చు, నాలుగైదు గంటలు. అహ్మదాబాద్ అసర్వా స్టేషన్ నుంచి ఉదయ్‌పూర్‌కు బ్రాడ్‌గేజ్ రైలు కూడా 2022 నుంచి నడుస్తోంది. కొండల మధ్య నుంచి వస్తుంది, దారి బాగుంటుంది. మీ దంపతులిద్దరే అయితే ఆ రైలే ఎక్కమనేవాణ్ణి. అమ్మానాన్నలతో స్టేషన్లు మారడం వద్దు, కారే మాట్లాడుకోండి.